గోడ మీది 4 వేరు, డేటా షీట్‌లోని 4 వేరు

చెన్నైలో జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు వెంబడి ఉన్న యూనివర్సిటీల్లో ఏ బీఎస్సీ, బీటెక్ సెక్షన్ తీసుకున్నా నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు పిల్లలు బాగానే కనబడతారు. వాళ్లు ల్యాబ్‌లో అడుగు పెట్టేముందు ఆన్‌లైన్‌లో ఓ సేఫ్టీ కోర్సు పూర్తి చేయాలనడం ఇప్పుడు చాలాచోట్ల మామూలైపోయింది. నాలుగైదు వీడియోలు, రసాయనాల ప్రమాదాలను చూపే తొమ్మిది బొమ్మలు, చివర్లో క్విజ్. పుర్రె బొమ్మ చూపించి ఇదేమిటని అడుగుతారు. కింద నాలుగు జవాబులుంటాయి. "విషం" మీద నొక్కితే మార్కు పడుతుంది. సర్టిఫికెట్ వచ్చేస్తుంది.

ఆ సర్టిఫికెట్ చేతిలో ఉన్న కుర్రాణ్ని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ల్యాబ్ గోడ మీది చార్టులో ఒక రసాయనానికి నీలం గడిలో 4 అని ఉంది. ఇంకో రసాయనం డేటా షీట్‌లో, అంటే దాని భద్రతా వివరాల పత్రంలో, "అక్యూట్ టాక్సిసిటీ (వెంటనే చూపే విషప్రభావం), కేటగిరీ 4" అని ఉంది. రెండింట్లో దేనికి ఎక్కువ భయపడాలి? "రెండూ ఫోరే కదా సార్" అంటారు చాలామంది. నిజానికి గోడ మీది 4 ప్రాణం తీసే రకం. షీట్‌లోని 4 ఆ వరసలో దాదాపు అట్టడుగు మెట్టు.

ఇలాంటి కోర్సు చెప్పేవాళ్లలో నేనూ ఉన్నాను. ఇందులో పిల్లల తెలివితక్కువతనం ఏమీ లేదు. తప్పు ఆన్‌లైన్ మీదికి నెట్టేయడమూ కుదరదు. లేబుల్ చదవడం అచ్చంగా చదువు పని. తెర మీద నేర్పడానికి ఇంత అనువైన పాఠం కెమిస్ట్రీలో ఇంకోటి దొరకదు. మనం మాత్రం చదవడం వదిలేసి బొమ్మలు బట్టీ పట్టిస్తున్నాం. పైగా ఆ బొమ్మలు ఏ పద్ధతిలోవో, ఎవరి కోసం పెట్టినవో కూడా చెప్పడం లేదు.

ఒకే గదిలో ఐదు పద్ధతులు

గోడ మీది నాలుగు గళ్ల డైమండ్ అమెరికా వాళ్లది. అక్కడి అగ్నిప్రమాద నివారణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ పెట్టింది, పేరు ఎన్‌ఎఫ్‌పీఏ 704. నీలం ఆరోగ్యానికి, ఎరుపు మంటకు, పసుపు అస్థిరతకు, తెలుపు ప్రత్యేక గుర్తులకు. నీళ్లతో ప్రమాదకరంగా కలిసేవాటికి తెల్ల గడిలో అడ్డగీత గీసిన డబ్ల్యూ ఉంటుంది. అంకెలు 0 నుంచి 4 దాకా, 4 అంటే అన్నిటికంటే ఘోరం. ఇది అగ్నిమాపక సిబ్బంది కోసం తయారైన పద్ధతి. గది తగలబడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వెళ్లాలా వద్దా అని రెండు క్షణాల్లో తేల్చుకోవాల్సినవాళ్లకు ఒక చూపులో అర్థం కావాలి. రోజూ కాస్త కాస్త పీల్చే విద్యార్థికి పదేళ్ల తర్వాత క్యాన్సర్ వస్తుందా అన్న ప్రశ్నకు ఈ డైమండ్‌లో జవాబు ఉండదు. అది దాని పని కాదు.

సీసా మీది ఎర్ర అంచు డైమండ్ ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వచ్చిన జీహెచ్‌ఎస్ పద్ధతిది, అంటే రసాయనాల వర్గీకరణకు, లేబుళ్లకు అన్ని దేశాల్లో ఒకే లెక్క ఉండాలని పెట్టినది. ఒకే రసాయనానికి ఒక దేశంలో పుర్రె, ఇంకో దేశంలో మామూలు హెచ్చరిక ఉండటం వ్యాపారానికీ, కార్మికుల ప్రాణాలకూ ఇబ్బందేనని 1992 రియో సదస్సులో అనుకున్నారు. 2002లో ఒప్పందం కుదిరింది, 2003లో పుస్తకంగా వచ్చింది. ఊదారంగు అట్ట కాబట్టి దాన్ని పర్పుల్ బుక్ అంటారు. రెండేళ్లకోసారి సవరిస్తారు. ఇందులో లెక్క ఎన్‌ఎఫ్‌పీఏకు తలకిందులు, కేటగిరీ 1 అన్నిటికంటే తీవ్రం. అంకె పెరిగేకొద్దీ తీవ్రత తగ్గుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే ఈ కేటగిరీ అంకె సీసా మీద ఉండనే ఉండదు. డేటా షీట్ రెండో సెక్షన్‌లో వెతుక్కోవాలి.

పాత అల్మారాలు తెరిస్తే మూడో పద్ధతి బయటపడుతుంది. నారింజ రంగు చతురస్రంలో నల్ల బొమ్మలు. ఇవి ఐరోపా పాత గుర్తులు. అక్కడ విడి పదార్థాలకు 2010 డిసెంబర్ నుంచి, మిశ్రమాలకు 2015 జూన్ నుంచి వీటి స్థానంలో ఎర్ర డైమండ్లు వచ్చాయి. మన కాలేజీల్లో సీసా ఖాళీ అయ్యేదాకా పారేయం కదా, అందుకే ఇంకా కనబడుతున్నాయి. నారింజ గడిలో పెద్ద ఇంటూ గుర్తు చూసి "వాడకూడదేమో" అనుకునే పిల్లలున్నారు. అది హానికరం, లేదా చికాకు పుట్టిస్తుంది అని చెప్పే గుర్తు మాత్రమే.

నాలుగోది రోడ్డు మీదిది. చెన్నైకి ఉత్తరాన ఫ్యాక్టరీలున్న మణలి వైపు వెళ్తే ట్యాంకర్ల వెనక ఓ పలక ఉంటుంది, దాని మీద నాలుగంకెల యూఎన్ నంబరు, అత్యవసర కోడ్, ఫోన్ నంబరు. 1203 అంటే పెట్రోలు, 1005 అంటే అమోనియా. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం పెట్టేది. ల్యాబ్ పిల్లలకు దీనితో పెద్దగా పనిలేదు. అట్టపెట్టె మీద దీని చుట్టమైన రవాణా డైమండ్ కనబడినప్పుడు, కింది మూలలో ఉన్న 3 తీవ్రత కాదని, మండే ద్రవాల తరగతి నంబరని తెలిస్తే చాలు.

ఐదోది మన పిల్లలకు వాళ్ల మాస్టార్ల కంటే బాగా తెలుసు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప, పత్తి వేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు పురుగుమందు డబ్బా మీది రంగు డైమండ్ చూస్తూ పెరిగారు. 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ ప్రకారం ఆ డైమండ్‌ను రెండు త్రికోణాలుగా విడగొడతారు. కింది త్రికోణంలో రంగు, పై త్రికోణంలో మాట. నోటి ద్వారా ఇచ్చినప్పుడు ప్రయోగ జంతువుల్లో సగం చనిపోయే మోతాదును, అంటే ఎల్‌డీ50ని బట్టి రంగు మారుతుంది. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపైతే ఎరుపు, పుర్రె బొమ్మతో పాటు "పాయిజన్". 51 నుంచి 500 దాకా పసుపు, మళ్లీ "పాయిజన్". 501 నుంచి 5,000 దాకా నీలం, "డేంజర్". ఆపైన పచ్చ, "కాషన్".

ఇక్కడే అసలు ముడి పడుతుంది. జీహెచ్‌ఎస్‌లో హెచ్చరిక మాటలు రెండే, "డేంజర్" పెద్దది, "వార్నింగ్" చిన్నది. పురుగుమందుల వరసలో డేంజర్ మూడో మెట్టు, జీహెచ్‌ఎస్ వరసలో అదే పై మెట్టు. ఒక పదార్థం ఎల్‌డీ50 కిలోకు 400 మిల్లీగ్రాములు అనుకుందాం. పురుగుమందుగా డబ్బాలోకి ఎక్కితే పసుపు త్రికోణం, "పాయిజన్". అదే ల్యాబ్ సీసాలోకి వస్తే 300 నుంచి 2,000 మధ్య ఉంది కాబట్టి కేటగిరీ 4, ఆశ్చర్యార్థకం గుర్తు, "వార్నింగ్", "మింగితే హానికరం". మందు ఒకటే, విషమూ అంతే, అరుపు మాత్రం ఒకచోట పెద్దది, ఇంకోచోట చిన్నది. డబ్బా భాష నేర్చుకుని వచ్చిన పిల్లవాడు సీసా చూసి "ఇది పచ్చ రకమేలే" అనుకుంటే ఎవరిని తప్పుపడతాం? పచ్చ గుర్తు మందు పనిచేయదు, ఎర్ర గుర్తుదే పవర్ అనేవాళ్లు పల్లెల్లో ఎలాగూ ఉన్నారు.

అందుకే నా కోర్సులో తొమ్మిది బొమ్మల కంటే ముందు ఈ పోలిక పెడతాను. ఆ రోజు చాట్ బాక్స్ నిండిపోతుంది. ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా తమ ఇంట్లో వాడే మందు పేర్లు చెబుతారు, రంగు చెబుతారు, దానికి జీహెచ్‌ఎస్‌లో ఏ కేటగిరీ వస్తుందో లెక్క కడతారు. కోర్సు మొత్తంలో పిల్లలు మాస్టారికి పాఠం చెప్పే క్లాసు ఇదొక్కటే.

సల్ఫ్యూరిక్ యాసిడ్ సీసా ముందు కూర్చుని

బొమ్మలన్నీ వరసగా చెప్పేకంటే ఒక్క లేబుల్‌ను నింపాదిగా చదివించడం మేలు. 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ తీసుకుందాం, ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటుంది. లేబుల్ ఫొటోను పెద్దది చేసి తెర మీద పెట్టి, ముక్క ముక్కగా చదివించాలి.

పేరు, సీఏఎస్ నంబరు (ప్రతి రసాయనానికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) 7664-93-9. చెయ్యినీ లోహాన్నీ తినేస్తున్న చుక్కల బొమ్మ. డేంజర్. తర్వాత హెచ్ అక్షరంతో మొదలయ్యే ప్రమాద కోడ్లు. హెచ్290, లోహాలను తినేసే అవకాశం ఉంది. హెచ్314, చర్మానికి తీవ్రమైన కాలిన గాయాలు, కంటికి దెబ్బ. హెచ్ పక్కన మొదటి అంకె 2 అయితే మంట, పేలుడు లాంటి భౌతిక ప్రమాదం, 3 అయితే ఆరోగ్యం, 4 అయితే పర్యావరణం. ఈ ఒక్క సూత్రం తెలిస్తే కోడ్లు కంఠస్థం చేయక్కర్లేదు.

తర్వాత పీ అక్షరంతో మొదలయ్యే జాగ్రత్తలు. పిల్లలే కాదు, పెద్దలు కూడా వీటిని చదవరు, అక్షరాలు చీమల్లా ఉంటాయి. వీటిలో 200 వరస ప్రమాదం జరక్కముందు చేయాల్సినవి, 300 వరస జరిగాక చేయాల్సినవి, 400 దాచడం గురించి, 500 పారేయడం గురించి. సల్ఫ్యూరిక్ యాసిడ్ మీద పీ301, పీ330, పీ331 మూడూ కలిపి ఉంటాయి. మింగితే నోరు పుక్కిలించండి, వాంతి మాత్రం చేయించకండి. ఇక్కడ కాసేపు ఆగాలి. మన ఊళ్లలో ఎవరైనా ఏదైనా మింగారంటే ముందు ఉప్పునీళ్లో సబ్బునీళ్లో పట్టించి కక్కిస్తారు, ఆ తర్వాతే ఆటో. యాసిడ్ విషయంలో అలా చేస్తే కిందికి దిగేటప్పుడు కాల్చిన గొంతును పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. లేబుల్ మీది ఈ ఒక్క ముక్క ఇంటికి తీసుకెళ్లినా కోర్సు ఫీజు గిట్టుబాటైనట్టే.

ఇప్పుడు లేబుల్ చెప్పనిది. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి గానీ నీళ్లను యాసిడ్‌లో పోయకూడదని ఇంటర్‌లోనే చెబుతారు. ఆ మాట కోసం సీసా అంతా వెతకమనండి. చాలా కంపెనీల లేబుళ్ల మీద దొరకదు. నీళ్లు తగిలితే ఎంత వేడి పుడుతుందో, ఎలా చిమ్ముతుందో డేటా షీట్‌లోకి వెళ్తే గానీ కనబడదు. లేబుల్ ఆ పదార్థానికి ఏం చేసే శక్తి ఉందో చెబుతుంది. మీరు దాన్ని దేనిలో కలపబోతున్నారో, ఎంత తీసుకోబోతున్నారో, మీ గది ఎంత వేడిగా ఉందో దానికి తెలియదు. బొమ్మలు కంఠస్థమైన పిల్లలకు సరిగ్గా ఇక్కడే కాలు జారుతుంది.

డేటా షీట్‌లో 16 సెక్షన్లుంటాయి, వరసగా చదవబోతే నిద్ర వస్తుంది. విద్యార్థికి ముందు కావాల్సినవి రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పది. అంటే ప్రమాదాలు, ప్రథమ చికిత్స, వాడకం-నిల్వ, రక్షణ సామగ్రి, దేనితో కలిస్తే ఏమవుతుంది. తొమ్మిదో సెక్షన్‌ను ఫిజికల్ కెమిస్ట్రీ అని దాటేస్తారు. చెన్నైలో ఉన్నవాళ్లు దాటకూడదు.

ఎందుకంటారా? జైలీన్ తీసుకోండి, బయాలజీ ల్యాబ్‌లో స్లైడ్లు చేసేవాళ్లకు బాగా పరిచయం. దాని ఫ్లాష్ పాయింట్ 25 నుంచి 30 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అంటే ఆ వేడికి, నిప్పురవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరి పైకి వస్తుంది. జీహెచ్‌ఎస్‌లో 23 నుంచి 60 డిగ్రీల మధ్య ఫ్లాష్ పాయింట్ ఉన్న ద్రవాలు కేటగిరీ 3, మాట "వార్నింగ్" మాత్రమే. చలిదేశంలో 20 డిగ్రీల గదిలో ఆ మాట సరిపోతుంది. చెన్నైలో ఏసీ లేని ల్యాబ్‌లో మధ్యాహ్నం పూట జైలీన్ ఏడాదిలో చాలా రోజులు తన ఫ్లాష్ పాయింట్‌ను దాటేసే ఉంటుంది. డైఇథైల్ ఈథర్ సంగతి ఇంకా విడ్డూరం. మరిగే ఉష్ణోగ్రత 34.6 డిగ్రీలు. కత్తిరి ఎండల్లో కరెంటు పోయిన గదిలో మూత తీస్తే స్టవ్ అక్కర్లేకుండానే మరుగుతుంది. లేబుల్ ఎక్కడైనా ఒకటే, వాతావరణాన్ని మాత్రం మనమే కలుపుకోవాలి.

ఎనిమిదో సెక్షన్‌కు ఓ పాత విషాదం ఉంది. లేబుల్ మీద పీ280 "గ్లౌజులు వేసుకోండి" అంటుంది, ఏ గ్లౌజులో చెప్పదు. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కారెన్ వెట్టర్‌హాన్ 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీతో పనిచేస్తుండగా కొన్ని చుక్కలు లేటెక్స్ గ్లౌజు మీద పడ్డాయి. ఆవిడ విషపూరిత లోహాల నిపుణురాలు, జాగ్రత్తలన్నీ తీసుకునే మనిషి. ఆ ద్రవం లేటెక్స్‌లోంచి క్షణాల్లో దూరిపోతుందని అప్పటికి అంతగా తెలియదు. 1997 జూన్‌లో ఆవిడ చనిపోయారు. గ్లౌజు ఏ పదార్థంతో చేసింది, ఎంత సేపు ఆపుతుంది అన్న వివరాలు ఉండేది ఎనిమిదో సెక్షన్‌లోనే.

మూడు బొమ్మలు, మూడు పొరపాట్లు

తొమ్మిది బొమ్మల్లో ఆరింటికి కొత్తగా వివరణ అక్కర్లేదు. మిగతా మూడే మోసం చేస్తాయి.

మొదటిది, గుండ్రటి వలయం మీద మంట. మామూలు మంట బొమ్మకు కవల పిల్లలా ఉంటుంది. మంట అంటే ఇది అంటుకుంటుంది అని, వలయం మీద మంట అంటే ఇది పక్కదాన్ని మండిస్తుంది, ఆక్సిజన్ అందించి మంటను ఎగదోస్తుంది అని. అమోనియం నైట్రేట్ మీద ఉండేది ఇదే. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో 2,750 టన్నుల అమోనియం నైట్రేట్ పేలినప్పుడు చెన్నైలో చాలామందికి గుండె గుభేలుమంది. 2015లో కస్టమ్స్ వాళ్లు పట్టుకున్న సరుకు దాదాపు 700 టన్నులు మణలి దగ్గర కంటైనర్లలో పడి ఉందని అప్పుడే బయటపడింది. వేలం వేసి హడావుడిగా హైదరాబాద్ పంపించారు. ల్యాబ్‌లో ఈ బొమ్మకు అర్థం ఇంకా చిన్నది, ఇంకా దగ్గరిది. నైట్రిక్ యాసిడ్ వ్యర్థాలను అసిటోన్, ఆల్కహాల్ వ్యర్థాల సీసాలో పోయకూడదు. పోసి మూత బిగిస్తే లోపల గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. ప్రపంచంలో యూనివర్సిటీ ల్యాబులన్నిటికీ తెలిసిన ప్రమాదమిది.

రెండోది, ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టున్న మనిషి బొమ్మ. పుర్రె కంటే ఇది మెత్తగా కనబడుతుంది కాబట్టి తక్కువ అనుకుంటారు. పుర్రె వెంటనే చంపేవాటికి. ఈ మనిషి బొమ్మ క్యాన్సర్‌కు, పుట్టబోయే బిడ్డకు హానికి, ఒక అవయవాన్ని దెబ్బతీసేవాటికి. మిథనాల్ మీద రెండూ ఉంటాయి, మంట కూడా. పక్కనే ఉన్న ఇథనాల్ మీద పుర్రె ఉండదు. రెండూ నీళ్లలాగే తేటగా ఉంటాయి, వాసనా దగ్గర దగ్గరే. 2024 జూన్‌లో తమిళనాడులోనే ఉన్న కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా పోయారు. మిథనాల్ చూపును కూడా తీస్తుందన్న సంగతి సీసా మీది ఆ మనిషి బొమ్మలో ఉంది.

మూడోది ఆశ్చర్యార్థకం. పిల్లలు దీన్ని అసలు లెక్కలోకే తీసుకోరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి లీకైంది స్టైరీన్. దాన్ని పీల్చడం గురించి లేబుల్ ఏమంటుందో తెలుసా? "పీల్చితే హానికరం", కేటగిరీ 4, ఆశ్చర్యార్థకం. పుర్రె లేదు. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. లేబుల్ అబద్ధం చెప్పలేదు. ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద 50 మిల్లీలీటర్లు వాడేవాడికి ఆ హెచ్చరిక సరైనదే. అదే ద్రవం వందల టన్నులు ఒక్క ట్యాంకులో ఉండి, లోపల వేడి పెరిగి, తనలో తాను పాలిమర్‌గా మారడం మొదలుపెట్టి, ఆ వేడికి ఇంకా వేడెక్కితే పుట్టే ఆవిరి మేఘం వేరే సంగతి. దాన్ని ఆపడానికి నిరోధక రసాయనం కలపాలి, ట్యాంకును చల్లగా ఉంచాలి అన్నది ఏడు, పది సెక్షన్ల విషయం. వైజాగ్ వైపు పిల్లలు ఉన్న బ్యాచ్‌లో ఈ పాఠం చెప్పేటప్పుడు కాస్త ఆచితూచి మాట్లాడతాను. వాళ్లకిది కేస్ స్టడీ కాదు.

చట్టం మాటేమిటని అడుగుతారు. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు వచ్చాయి. డేటా షీట్, లేబుల్ ఉండాలని వాటిలోనే ఉంది. జీహెచ్‌ఎస్‌ను పూర్తిగా తప్పనిసరి చేయాలన్న కొత్త నిబంధనల ముసాయిదా 2020లో బయటికొచ్చింది. ఎగుమతి చేసే కంపెనీలు ఎలాగూ ఎర్ర డైమండ్లు వేస్తున్నాయి. చెన్నైలో రసాయనాల దుకాణాలుండే నైనియప్ప నాయకన్ వీధిలో చిల్లరగా కొన్న సీసా మీద ఏముంటుందో కొనేవాడి అదృష్టం.

తెర మీద ఏం కుదురుతుంది

చదివించడం కుదురుతుంది, అదీ ల్యాబ్‌లో కంటే బాగా. ల్యాబ్‌లో ముప్పై మంది ఒక్క సీసా చుట్టూ మూగితే వెనకవాళ్లకు మాస్టారి వీపే కనబడుతుంది. తెర మీద పీ వాక్యాలను కూడా అరచేతంత చేయొచ్చు.

ఇంట్లో ఉన్నవాళ్లను బాత్రూమ్‌లో టాయిలెట్ క్లీనర్, బ్లీచింగ్ డబ్బాల లేబుళ్లు ఫొటో తీయమంటాను. మూత తీయొద్దు, రెండూ దగ్గర పెట్టొద్దు, ఫొటో ఒక్కటే. పేరు, బొమ్మ, హెచ్చరిక మాట, హెచ్, పీ, కంపెనీ వివరాలు, ఈ ఆరింటిలో ఏవి ఉన్నాయి, ఏవి లేవు? ఒకటి హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఇంకోటి హైపోక్లోరైట్. కలిస్తే క్లోరిన్. దీని గురించి డబ్బా మీద ఎంత చిన్న అక్షరాల్లో రాశారో చూసి పిల్లలు నోరెళ్లబెడతారు.

సీఏఎస్ నంబరుతో ఓ చిన్న సరదా ఉంది. చివరి అంకె తనిఖీ అంకె. అసిటోన్ 67-64-1. చివరి 1ని పక్కన పెట్టి, కుడి నుంచి ఎడమకు 4ను 1తో, 6ను 2తో, 7ను 3తో, 6ను 4తో గుణించి కూడితే 61. ఒకట్ల స్థానంలో 1, సరిపోయింది. నంబరు తప్పు టైపు చేసి వేరే పదార్థం డేటా షీట్ తెరిచేవాళ్లు ఉంటారు కాబట్టి దీనివల్ల పనీ ఉంది. ఆ నంబరుతో పబ్‌కెమ్ అనే ఆన్‌లైన్ రసాయనాల డేటాబేస్‌లో వెతికితే ఒకే పదార్థానికి వేర్వేరు కంపెనీలు వేర్వేరు వర్గీకరణ ఇచ్చినట్టు కనబడుతుంది. కారణం ఉంది. జీహెచ్‌ఎస్‌ను ఏ దేశం కావలసిన భాగాలు ఆ దేశం తీసుకోవచ్చు. అమెరికా కార్యాలయ భద్రతా నిబంధనలు పర్యావరణ భాగాన్ని తీసుకోలేదు, అందుకే అక్కడి సీసా మీద చేప, చెట్టు బొమ్మ తప్పనిసరి కాదు. ఆ బొమ్మ లేదంటే చేపలకు క్షేమమని అర్థం కాదు.

క్విజ్ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. కెమెరా పెట్టి, ట్యాబ్ మార్చనివ్వకుండా కాపలా కాసే పరీక్ష ఈ కోర్సుకు దండగ. ల్యాబ్‌లో ఎవరూ జ్ఞాపకం మీద పని చేయకూడదు, షీట్ తెరిచే చూడాలి. పరీక్షలోనూ తెరవనివ్వండి. ప్రశ్న మాత్రం మార్చండి. రెండు లేబుళ్లిచ్చి, ఈ రెండు వ్యర్థాలు ఒకే సీసాలో పోయొచ్చా, పోస్తే ఏమవుతుంది, ఏ సెక్షన్ చూసి చెప్పావు అని అడగండి. పక్కవాడి జవాబు కాపీ కొట్టినా సెక్షన్ తెరవక తప్పదు.

ఇంకోటి. కంట్లో పడితే 15 నిమిషాలు కడగాలని అందరూ రాస్తారు, 15 నిమిషాలంటే ఎంతసేపో ఎవరికీ తెలియదు. క్లాసు మధ్యలో తెర మూలన టైమర్ పెట్టి, ఇప్పుడు నీ కంట్లో యాసిడ్ పడింది, కడగడం మొదలుపెట్టు అని చెప్పి పాఠం కొనసాగిస్తాను. ఐదో నిమిషానికే "అయిపోయిందా సార్" అని మెసేజ్ వస్తుంది. పాఠం అంతా అయ్యి, హాజరు కూడా తీసుకున్నాక టైమర్ మోగుతుంది.

తెర మీద కుదరనివి చేతులకు సంబంధించినవి. సల్ఫ్యూరిక్ యాసిడ్ రెండున్నర లీటర్ల సీసా యాసిడ్ బరువే 4.6 కిలోలు, నీళ్లకు దాదాపు రెట్టింపు సాంద్రత. మెడ పట్టుకుని ఒంటిచేత్తో లేపబోయినప్పుడు గానీ ఆ బరువు అర్థం కాదు. గ్లౌజు బయటి వైపు చర్మానికి తగలకుండా విప్పడం, ఫ్యూమ్ హుడ్ అద్దం ఎంత దించి పనిచేయాలో, కళ్లు మూసుకుని ఐవాష్ (కళ్లు కడుక్కునే కుళాయి) దాకా వెళ్లడం, ఇవన్నీ వీడియోలో చూస్తే వచ్చేవి కావు. ఐవాష్ పది సెకన్లలో చేరేంత దూరంలో ఉండాలన్నది అమెరికా ప్రమాణం. మన ల్యాబుల్లో దాని ముందు విరిగిన స్టూళ్లు పేర్చి ఉన్నాయేమో మొదటి రోజే పిల్లల చేత వెతికించాలి.

చిన్న సీసాల్లోకి ఒంపుకున్నప్పుడు లేబుల్ రాయడం కూడా చేతి పనే. పేరు పూర్తిగా, గాఢత, ప్రమాదం రెండు ముక్కల్లో, పోసినవారి పేరు, తేదీ. ఈథర్‌కైతే మూత తీసిన తేదీ తప్పనిసరి, నిల్వ ఉండేకొద్దీ పేలే పెరాక్సైడ్లు పుడతాయి. మార్కర్, టేపు ఇచ్చి రాయించాలి. కూల్‌డ్రింక్ బాటిల్లో ఏదీ పోయకూడదు, డిస్టిల్డ్ వాటర్ కూడా.

మన ఆన్‌లైన్ కోర్సుల్లో మర్చిపోయిన మనిషి ఇంకొకరున్నారు. ఆ సీసాలను అందరికంటే ఎక్కువగా ముట్టుకునేది ల్యాబ్ అటెండర్. వ్యర్థాలు ఒంపేది, పగిలినవి ఏరేది, బీకర్లు కడిగేది ఆయనే. కోర్సులోకి లాగిన్ కావాలంటే రోల్ నంబరు అడుగుతుంది, ఆయనకు అది ఉండదు. మా దగ్గర అటెండర్లకు తమిళంలో విడిగా, సీసాలు ముందు పెట్టుకుని చెబుతున్నాం. తమిళం వచ్చిన పిల్లల్లో ఒకరిద్దరు వచ్చి ఆ పాఠం చెబుతారు. ఆ పిల్లలు అక్కడ ఏ ప్రశ్నకు తడబడ్డారో చూసి, వచ్చే బ్యాచ్ ఆన్‌లైన్ పాఠంలో ఆ భాగం మారుస్తాం.